కబాడీకిచ్చిన మిషన్

శివాజీ మీద టీవీవాళ్ళు డాక్యుమెంటరీ తీస్తున్నారని తెలిసి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళంతా మురిసిపోయారు, ఒక్క అక్క ఉషారాణి తప్ప. ముంబైలో మగవాళ్ళ బట్టల డిజైనరుగా వాడెంత పేరు తెచ్చుకున్నా, ఆమె దృష్టిలో చేతికందింది పట్టుకుపోయే రకమే. అమ్మ చనిపోయిన ఏడాది, ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర శాంపిలుకని తీసుకెళ్ళి ఎవరో సినిమా హీరోకి కోటు కుట్టేశాడు. పేపర్లో ఆ కోటు చూసి ఉషారాణి ఆ పూట అన్నం ముట్టలేదు.

అందుకే టీవీ అమ్మాయి మాధవీలత వచ్చి, "సార్ మొదటి చొక్కా కుట్టిన అమ్మగారి మిషన్ ఒక్కరోజు ఇస్తారా? మీ చిన్నప్పటి పాత క్వార్టర్లో షూటింగ్ పెట్టుకున్నాం" అనగానే ఆమెకి అనుమానం వచ్చింది. వాడే పంపించాడు! ఇవాళ ఒక్కరోజంటారు, రేపు ముంబై షోరూములో అద్దాల పెట్టెలో తేలుతుంది.

"ఆ మిషనా? ఎప్పుడో పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేసినాం" అంది తడుముకోకుండా.

ఆ పిల్ల గడప దాటగానే మిషన్‌ని మంచం కిందకి తోసి దుప్పటి కప్పింది. లోకోషెడ్ డ్యూటీ దిగి వచ్చిన మొగుడు గిరిబాబు అది చూసి నవ్వాడు.

"సొంత తమ్ముడి దగ్గర దాపరికమేటే?"

"మీకు తెల్దు వాడి సంగతి. చీరకి పట్టిన గతే దీనికీ పట్టిస్తాడు."

షూటింగ్ నాడు శివాజీ భోజనానికి వచ్చాడు. అదే మంచం మీద కూర్చుని వంకాయ కూర మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. మిషన్ ఊసే ఎత్తలేదు. ఎత్తితే ఒక బాధ, ఎత్తకపోతే మరో బాధ. మనసులో ఏం పెట్టుకున్నాడోనని ఆమె వాడి మొహంకేసే చూస్తూ వడ్డించింది. చేతిలో తువ్వాలు జారితే వంగి తీసుకున్నాడు. ఆమె ప్రాణం పోయినంత పనైంది. వాడు మాత్రం మూతి తుడుచుకుని, వెళ్ళొస్తానని లేచాడు.

డాక్యుమెంటరీ వేసిన రోజు ఇరుగుపొరుగంతా ఆమె ఇంట్లోనే చేరారు. టీవీలో శివాజీ పాత క్వార్టర్లో ఒక కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి, ఇది మా అమ్మదని హిందీలో చెప్పి, వెక్కివెక్కి ఏడ్చాడు. అది ఊరి పక్కనున్న తిఫ్రాలో ఎవరి దగ్గరో అద్దెకి తెచ్చిందని గిరిబాబు షెడ్డులో విని వచ్చి ఎప్పుడో చెప్పాడు! చుట్టూ అందరూ కళ్ళొత్తుకుంటుంటే ఉషారాణికి ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి పోయి ఫోన్ చేసింది.

"ఒరే, దొంగేడుపులు ఎప్పుడు నేర్చినావురా? అద్దె మిషన్ని పట్టుకుని అమ్మా అని ఏడుస్తావేటి?"



"మిషనే అద్దెది, ఏడుపు నాదే అక్కా" అన్నాడు శివాజీ. "కబాడీకి ఇచ్చేసినారని ఆ పిల్ల సెప్పితే నమ్మినాను. తువ్వాలు కోసం వంగితే మంచం కింద కనబడింది. తిన్నగా షూటింగ్‌కే పోయినాను. నాకు భయపడి దాసినావని తెలిసినాక ఏడుపు ఆగలేదు."

"సూసినోడివి, అడగలేదేటి?"

"అడిగితే నువ్వు మళ్ళీ అబద్ధం ఆడాల. నా మూలాన ఒకటి ఆడినావు, అది సాల్దా?"

ఉషారాణి ఫోన్ పెట్టేసింది. అక్కడే నేల మీద కూలబడి, పక్కగదిలో వాళ్ళకి వినపడకుండా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.