కింది గడియ తలుపు

నేను ఒక వేపచెక్క తలుపును. ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు: నన్ను చేసిన వడ్రంగి వీరాచారి, ఆయన అక్క ఈశ్వరమ్మ, కూతురు నీలవేణి, అప్పుడే వచ్చిన లెక్కల మాస్టారు. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కాలివేలికి తగిలితే తప్ప తలుపు మనుషులకు గుర్తు రాదు.

నేను పుట్టింది ఈ ఇంటి కోసం కాదు. రైస్‌మిల్లు వాళ్ళ గది కోసం వీరాచారి నన్ను రెండు వారాలు చిత్రిక పట్టాడు. తీరా బిగించబోతే కుడివైపు ఉండాల్సిన బందులు ఎడమవైపు ఉన్నాయి. కొలత గది లోపల నిలబడి తీసుకుని, గీత బయట నిలబడినట్టు గీశాడు మరి! మిల్లువాళ్ళు నవ్వారు. ఆయన నన్ను ఇంటికి తెచ్చి, తలకిందులు చేసి, వెనకగదికి బిగించాడు. బందులు కుడికి వచ్చాయి. చక్కగా సరిపోయాను. బయటి గడియ మాత్రం పైనుంచి కిందికి దిగింది. ఇప్పుడు నాకు గడియ పెట్టాలంటే ఎంతటివాళ్ళయినా వంగాల్సిందే.

నా లోపలివైపు నీలవేణి సుద్దతో లెక్కలు చేస్తుంది. నా ఒళ్ళంతా ఘాతాంకాలే. చేతికి వచ్చింది ఆ పిల్ల నోటికి రాదు. నలుగురు చూస్తే పెదవులు బిగుసుకుంటాయి.

మాస్టారు ఒక కాగితం చూపించారు. ఇరవై ఏడు, దాని నెత్తిన మైనస్ రెండు బై మూడు.

"రేపు మండలం పోటీలో చేస్తే చాలదమ్మా, నోటితో చెప్పాలి. ఇక్కడ చెప్పలేకపోతే ఇంకొకర్ని పంపుతాను."

నీలవేణి నా వెనక్కి జరిగింది.

"దీని నోట్లోంచి మాట రావాలంటే మేకులు పీకే పటకారు తేవాలి మాస్టారూ," అంది ఈశ్వరమ్మ.

"మైనస్ అంటే తీసెయ్యటమేగా? ఇంకేం మిగులుద్ది?" అన్నాడు వీరాచారి.

"తీసెయ్యటం కాదు నాన్నా."

నా వెనకనుంచి వచ్చింది ఆ గొంతు.

"కింద మూడుంది కాబట్టి ఘనమూలం. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. అందుకని మూడు. పైన రెండుంది, ఆ మూడుకి వర్గం తొమ్మిది. మైనస్ ఉంటే తలకిందులు చెయ్యాలి. తొమ్మిది బై ఒకటి కాస్తా ఒకటి బై తొమ్మిది అవుతుంది. మన తలుపు లాగే నాన్నా. నువ్వు తిప్పి బిగించావు, అంతేగా."

మిల్లు సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వీరాచారి నావైపు చూసి మొదటిసారి నవ్వాడు.

"అక్కడ చాటుకి తలుపు ఉండదమ్మా," అన్నారు మాస్టారు.

నీలవేణి బయటికి వచ్చింది. నా గడియనే చూస్తూ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. "తొమ్మిదో వంతు" అన్నప్పుడు మాత్రం తలెత్తింది.

మాస్టారు కాగితం మీద ఆమె పేరు రాసుకున్నారు. "పొద్దున ఏడింటికి బస్సు."

నీలవేణి గదిలోకి వచ్చి సుద్ద అందుకుంది. ఈశ్వరమ్మ గుమ్మంలో కాసేపు నిలబడి చూసింది.

"ఎవరూ దాన్ని కదిలించకండి, లెక్కలు చేసుకుంటోంది," అని తమ్ముడి మీద అరిచి, నన్ను మెల్లగా లాగి మూసింది. గడియ పెట్టలేదు.