మ్యూట్ బటన్

నీళ్ల హీటర్లు బాగుచేసే ఆ కంపెనీలో ఫిర్యాదుల గది సూపర్‌వైజరుకు ఒక సరదా ఉండేది. ఫోన్లో ఎవరైనా ఏడిస్తే చాలు, మ్యూట్ బటన్ నొక్కి, ఆ ఏడుపును అచ్చంగా దించి వెక్కిరించేవాడు. గది గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నవ్వనివాళ్లకు ఆదివారం డ్యూటీ పడేది.

ఆ గదిలోనే ఫోన్లు ఎత్తే ఒకామె ఉండేది. ఆమె అక్క పోయిన కొత్తలో ఎవరో ముసలావిడ ఫోన్ చేసి, హీటరు సంగతి చెబుతూ చెబుతూ, "నీకు అక్కచెల్లెళ్లున్నారా తల్లీ?" అని అడిగింది. అంతే, ఆమె కుర్చీలోనే భోరుమంది. సూపర్‌వైజరు వెనక నిలబడి ఆ ఏడుపునూ దించాడు, ఎక్కిళ్లతో సహా. ఆ రోజు నుంచి గదిలో ఆమె పేరు ఏడుపుగొట్టు. పుండు మీద కారం చల్లినవాణ్ణి ఎవరు మరిచిపోతారు? ఆయన కూడా అదే గదిలో, అందరి ముందూ తల దించుకోవాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ఎదుటివారి మనసు తెలుసుకుని మాట్లాడటం నేర్పిస్తామని కంపెనీ శిక్షణ పెడితే అందరికంటే ముందు ఆమే చేరింది. మంచితనం ముంచుకొచ్చి కాదు, కడుపుమంటతో. నేర్చుకున్నదంతా పెట్టి ఆయన్నే చదివింది. ఏడుపు వింటే ఆయనకు భయం. భయమేస్తే వెటకారం. ఇంత పిరికివాడి మీదా నేను పగ మోస్తున్నది అనుకుంది.

చివరికి ఆ పాఠం చెప్పే టీచరూ ఆమే అయింది. "ముందు 'మీ బాధ నాకు అర్థమైంది' అనండి. హీటరు సంగతి తర్వాత," అనేది. కొత్త ఫోన్ల గురించీ చెప్పింది. మ్యూట్ నొక్కితే ఫోన్ చేసినవారికే వినపడదు, పై అంతస్తులో కూర్చుని వినేవారికి అన్నీ వినపడతాయి. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన వెనక వరుసలో ఆమె చేతులు తిప్పడాన్ని అనుకరిస్తున్నాడు.

ఇంతలో మేనేజరు పోస్టు ఖాళీ అయింది. ఆయన పేరే ముందుంది. ఆ పోస్టు ఎవరికివ్వాలో తేల్చే పెద్ద మేడమ్ పైన కూర్చుని అందరి కాల్స్ వింటోంది. ముందుగా చెప్పకుండా పరీక్ష కాల్ చేసే పని టీచరుది.

ఆమె మేడమ్ పక్కనే కూర్చుని, ఆయనకు ఫోన్ చేసి, గొంతు మార్చి మాట్లాడింది. "మా అక్క పోయిందండీ. ఆ ఇంటి సర్వీసు ఆపేయండి." దొంగ ఏడుపు ఏడుద్దామనుకుంది. నిజం ఏడుపే తన్నుకొచ్చింది. నేర్పిన ఆ ఒక్క మాట ఆయన అంటే చాలు, మేనేజరు కుర్చీ ఆయనదే. పాడు మనసు, ఆయన ఆ మాట అనేస్తే బాగుండునని కూడా అనుకుంది.

ఫోన్లో చప్పుడు లేదు. మేడమ్ బల్ల మీది స్పీకరులోంచి మాత్రం ఆయన గొంతు వచ్చింది. "వినండర్రా, మన ఏడుపుగొట్టుకి చెల్లెలు దొరికింది!" వెనకే ఎక్కిళ్లు. అచ్చం అప్పటివే.

మేడమ్ మొహం మాడిపోయింది. "ఏడుపుగొట్టు ఎవరు?"

"నేనేనండి."

సాయంత్రానికి ఆయనకు మేనేజరు పోస్టు రాలేదు సరికదా, ఉన్న కుర్చీ కూడా పోయింది. అందరూ చూస్తుండగా సొరుగు ఖాళీ చేసుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

"నేనిలాగే చేస్తానని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు సార్."

"ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా!"

"చెప్పాను సార్, క్లాసులో."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆమెకు ఎంతగానో అనిపించింది.

"మీ బాధ నాకు అర్థమైంది సార్," అంది, పాఠం చెప్పే గొంతుతోనే. "ఇంకేమైనా సహాయం కావాలా?"