అడ్మిరల్ గారి జీవితచరిత్ర

బర్మాలో, యాంగోన్ రేవు పక్కనున్న బోటాటౌంగ్ తెలుగు చర్చిలో ఎవరు పోయినా, సమాధికి ముందు వాళ్ల జీవితచరిత్ర చదివేది జ్ఞానదాసే. ముప్పై ఏళ్లుగా ఆయన గొంతు వినకుండా ఒక్క పెట్టె కూడా గోతిలోకి దిగలేదు. ఆయనకున్న గొప్పంతా అదే. అయితే ఈమధ్య చూపు మందగించింది. కిందటి నెల రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, పోయినాయనకు పెళ్లి కాకుండానే ఆరుగురు పిల్లల్ని పుట్టించాడు.

"ఈ ఆదివారం ఒక్కసారి సూద్దుం తాతగారూ," అన్నారు పాస్టరు జోనాథన్ అయ్యగారు. "మళ్లీ తప్పొస్తే ఇకమీదట మన కుర్రోడు శామ్సన్ సదువుతాడు."

ఆ ఆదివారం రాబోయేది బ్రిటిష్ నౌకాదళంలో రిటైరైన రియర్ అడ్మిరల్ విట్‌కోంబ్. తన తాత ఓడ ఆగిన రేవు చూడాలని వచ్చి, ఆ రేవులో మూటలు మోసినవాళ్ల మనవలున్న చర్చికీ వస్తానన్నాడు. ఆరాధనలో తన పరిచయంగా చదవడానికి ఉద్యోగ విశేషాలు ముందే రాసి పంపాడు. జ్ఞానదాసు మనవరాలు ఏంజెలీనా వాటిని తెలుగులో చెబుతుంటే ఆయన పెద్దపెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. తప్పు దొర్లుతుందేమోనన్న భయంకొద్దీ, కంఠతా వచ్చిన పద్ధతి వదల్లేదు. మొదలూ చివరా ఎప్పటివే.

"పదిహేడో ఏట నౌకాదళంలో చేరి, లెఫ్టినెంటై, కమాండరై, కెప్టెనై, రెండు యుద్ధనౌకలు నడిపి, రియర్ అడ్మిరలై..." అంటూ గడగడా చదివాడు. ఒక్క అక్షరం తప్పలేదు. శామ్సన్ మొహం చిన్నబోయింది. ఆ ఊపులోనే జ్ఞానదాసు, "ప్రభువు పిలుపునందుకొని, మనలను దుఃఖసాగరంలో ముంచి వెళ్లిపోయారు," అని ముగించాడు.

అలవాటు కొద్దీ జనమంతా లేచి నిలబడ్డారు. ఎవరు పోయినా ముందు ఏడ్చే డోరతమ్మ, "ఓలమ్మో, ఎంత మంచోడో!" అని రుమాలు తీసింది. ముందు వరసలో నిక్షేపంగా కూర్చున్న అడ్మిరల్ కూడా మర్యాదగా లేచి తల వంచాడు.

అప్పుడు కనబడ్డాడు ఆయన జ్ఞానదాసుకి. కాగితం చేతిలోంచి జారిపోయింది. ముప్పై ఏళ్ల పేరు యాంగోన్ నదిలో కలిసిపోయిందనుకున్నాడు పాపం.

"ఎవరు పోయారు?" అని అడ్మిరల్ పక్కనున్న ఏంజెలీనాని మెల్లగా అడిగాడు. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"మీరేనండి."

అడ్మిరల్ డోరతమ్మ రుమాలు వైపు చూశాడు. "నేను రిటైరైన రోజు గడియారం ఇచ్చి చెయ్యి కలిపారు. ఎవరూ ఏడవలేదు," అన్నాడు. ముందుకెళ్లి, కాగితం తీసి మడిచి, జ్ఞానదాసు చేతిలో పెట్టాడు.

"నేను నిజంగా పోయినప్పుడు కబురొస్తుంది. ఇక్కడ ఈయనే చదవాలి, ఆవిడే ఏడవాలి."

ఏంజెలీనా అది తెలుగులో చెప్పింది. అతిథి మాట కాదనలేక అయ్యగారు తలూపారు.

జ్ఞానదాసు కళ్లు తుడుచుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"అలాగే సదువుతాను బాబూ. గాని నాకిప్పుడే డెబ్బయ్యెనిమిది. తమరు మరీ ఆలీసం సెయ్యకండి."