ఎడమ చెవి వైపు

రెండు నెలలుగా మా ఆయన నా మొహం చూసి మాట్లాడటం లేదు. ఆయన చూపు నా ఎడమ చెవి దగ్గర ఆగుతోంది. నేను తల జరిపి ఎదురుపడితే, అదీ పక్కకు జరుగుతోంది. వదిలి వెళ్లేవాళ్లు మొహం చూడరని నాకు ఎనిమిదో ఏటే తెలుసు. నన్ను పిన్ని ఇంట్లో దింపిన రోజు మా అమ్మ తలుపు గడియనే చూస్తూ, "ఆదివారం వస్తానమ్మా" అంది. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

ఇంటి ముందుగదే ఆయన వాచీల దుకాణం. ఈమధ్య బ్యాటరీలు మార్చడం తప్ప వేరే పని ముట్టుకోవడం లేదు. పక్కకొట్టు దర్జీతో గుసగుసలు. నెలకో మంగళవారం ఇద్దరూ "సామాన్లకి" వెళ్తారు, ఉత్తచేతులతో వస్తారు.

"మీరిద్దరూ కలిసి ఏం కుడుతున్నారు?" అని దర్జీని అడిగాను.

"బాబాయికి పెళ్లి సూటు, పిన్నిగారూ!"

నాకు నవ్వు రాలేదు.

నిన్న ఆయన బల్ల సొరుగు వెతికాను. స్ప్రింగుల డబ్బా కింద ఒక గళ్ల కాగితం, దాని నడుమ నల్ల చుక్క. వెనక ఎవరిదో చేతిరాత: "మాక్యులా. మంగళవారం, పదింటికి."

చిత్తుకాగితాల కొట్లో కొన్న పాత విజ్ఞాన నిఘంటువు తీశాను. గ్రహాల మీద కనిపించే మచ్చకూ అదే పేరట. దాని కిందే ఇంకో అర్థం: కంటి వెనక పొరలో పసుపు మచ్చ, ఎదుటి మొహాన్ని పోల్చుకునేది దానితోనే.

పుస్తకం చెప్పిందని నమ్మే రకాన్ని కాను. సొరుగులోంచి ముళ్లు ఊడదీసిన వాచీ ఒకటి తీసి, కీ ఇచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఏవండీ, ఇది బాగానే నడుస్తోందా?"

చెవి దగ్గర పెట్టుకున్నారు. "గుర్రంలా నడుస్తోంది. టైమూ సరిగ్గానే ఉంది."

"దానికి ముళ్లు లేవండీ."

ఆయన వేలితో అద్దం తడిమారు.

"సూటిగా చూస్తే నీ మొహం ఉన్నచోట మచ్చే కనిపిస్తుందే. చెవి వైపు చూస్తే ఓ వార నుంచి వస్తావు. చెప్తే కంగారుపడతావని చెప్పలేదు."

"మంగళవారాలు? ఆ గళ్ల కాగితం?"

"కంట్లో సూదిమందు. కాగితం చూపు పరీక్షించుకోవడానికి ఇచ్చారు. దర్జీ తీసుకెళ్తున్నాడు."

"నన్ను వదిలి వెళ్తున్నారనుకున్నాను."

"ఎక్కడికే? వీధి దాటడానికే వాడి చెయ్యి పట్టుకోవాలి."

ఆయన చూపు మళ్లీ నా చెవి దగ్గర ఆగింది. ఈసారి నేను తల జరపలేదు.

"వచ్చే మంగళవారం నేను తీసుకెళ్తాను."

"మరి వాడు?"

"కూర్చుని ఆ సూటు పూర్తిచెయ్యమనండి."