సొంత దస్తూరీ

జొన్నలు దంచుతున్న ఫిలోమినాను చేతులు కడుక్కుని రమ్మన్నాడు జోసెఫ్. అంటే మళ్లీ ఎక్కడో సర్కారు ఉద్యోగం పడిందన్నమాట. పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుడి దరఖాస్తులన్నీ ఆమే రాస్తోంది. గుంటూరులో సిస్టర్ల దగ్గర స్కూలు ఫైనలు దాకా చదివిన మనిషి. చదువు ముందా, ఫాదరుగారిచ్చిన మంచి నడవడి సర్టిఫికెట్టు ముందా, ఏది ఎక్కడ రాస్తే ఆఫీసరు చివరిదాకా చదువుతాడో ఆమెకు తెలుసు. జోసెఫూ స్కూలు ఫైనలే. ఆ మాట రాసేటప్పుడల్లా ఆమె కలం కాస్త ఆగుతుంది. తన చదువు ఏ దరఖాస్తులోకీ ఎక్కలేదు. "మొగుడికి రాసిపెడితే చెయ్యేమన్నా అరిగిపోద్దా?" అంటుంది అత్త. అరిగేదేముంది, రాసి లేచాక మళ్లీ ఆ చేత్తోనే రోకలి పట్టుకోవాలి.

ఈసారి రేషన్ ఆఫీసులో గుమాస్తా పని. దరఖాస్తు సొంత దస్తూరీతో ఉండాలన్నారు. మామూలుగానే ఆమె రాసింది, పిలుపొచ్చింది. జోసెఫ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాచర్లలో గుంటూరు బండెక్కాడు.

సాయంత్రం స్టేషన్నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. దస్తూరీ ముత్యాల్లా ఉందని మెచ్చుకున్న ఆఫీసరు, తన ఎదుటే నాలుగు వరసలు రాయమన్నాడట. రాసింది చూసి, ఇక వెళ్లమన్నాడట.

"అంతా నీ మూలానే. అంత బాగా రాయమని ఎవురు చెప్పారే నీకు? అక్కడే ఇంకో రెండు కాళీలున్నయ్యంట. ఈసారి నాలాగా వంకరగా రాయి."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కాబోలు. "వాడు చెప్పినట్టు రాయరాదటే?" అని అత్త వంటింట్లోంచి వంత పాడింది. ఫిలోమినా కూర్చుని ఒక వరస వంకరగా రాసింది. చూసుకుంటే ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నిద్ర పోయింది, నడుం పోయింది, చర్చిలో పాడే గొంతు పోయింది. తనదంటూ చెడకుండా మిగిలింది ఈ రాత ఒక్కటే, దాన్నీ చెడగొట్టుకోవాలా? ఇంకో కాగితం తీసుకుంది.

తెల్లారి జోసెఫ్ అడిగాడు. "అయిందా నాది?"

"మీది మీరే రాసుకోండి. నాది అయింది."

"నీదేందే? ఏ ఉజ్జోగానికి?"

"ఆ రేషన్ ఆఫీసుకే. ఆయన మెచ్చుకున్న దస్తూరీ నాదేనని మొదటి వరసలోనే రాశా," అంది ఫిలోమినా.