తుండుగుడ్డకి తమ్ముణ్ణి

నేను ఒక కనిపించని గుర్తింపు కార్డుని. గవర్నరు సంతకం లేక నా బతుకు ఆగిపోయిందని మా రైల్వేస్టేషను ఆటోస్టాండంతా నమ్మింది. గేటు దగ్గరి గుమస్తా "గవర్నెన్సు కుదరలేదమ్మా" అన్నాడు. రైలు కూతలో, ఆటో నడిపే నా యజమానురాలు నూకరత్నానికి 'గవర్న...' అని సగమే వినబడింది.

నాకు ఒళ్ళు లేదు, ఉన్నదల్లా ఒట్టే. 'ఈవిడ మా సభ్యురాలే' అని ఆటో సంఘం వేసిన ఒట్టుని అంకెల్లో ముడేసి నూకరత్నం ఫోనులో పెట్టారు. ఆమె బొటనవేలే నా తాళంచెవి. ఆమె చూపమన్నదే చూపిస్తాను, ఇంటి అడ్రసు ఎవరడిగినా చెప్పను. ఆ ఫోను చీకట్లో వెన్నెల పడవలా తేలుతూ, నేనో స్వతంత్ర రాజ్యాన్నని కలలు కనేవాణ్ణి.

ఈలోగా సంఘం ఏడుకొండలు వర్గం, దుర్గారావు వర్గం అని రెండు ముక్కలైంది. ఏడుకొండలు ఇచ్చిన కార్డులు దుర్గారావు రద్దు చేశాడు, దుర్గారావువి ఏడుకొండలు. ఒట్టు నిజమేగాని వేసిందెవరో తెలియదని గేటు యంత్రం నన్ను తిప్పికొట్టింది. నా తాళం బాగానే ఉంది, పెద్దల తాళమే తప్పింది. ఏళ్ళ తరబడి బయట ఎండలో నిలబడి నూకరత్నం సంపాదించుకున్న గేటు లోపలి చోటు, కార్డు చెల్లకపోతే సాయంత్రానికల్లా ఇంకొకరిది అయిపోతుంది.

స్టాండువాళ్ళు గవర్నరు దగ్గరికి ప్రయాణం కట్టారు. ఏడుకొండలు చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. నూకరత్నం మాత్రం గుమస్తాని మళ్ళీ అడిగొచ్చి, వరసలో రాయి బరువుతో పరిచి ఉన్న తుండుగుడ్డ ముందు నిలబడింది. భోజనానికి వెళ్ళే డ్రైవరు తన చోట తుండు పరిచి వెళ్తాడు. అది అక్కడున్నంతసేపూ ఎవరూ ఆ చోట ఆటో పెట్టరు.

"ఏడుకొండలు బాబాయ్, నీ తుండు మీద ఎవరి సంతకం ఉంది?"

"తుండుకి సంతకమేంటమ్మాయ్?"

"మరి దుర్గారావన్నయ్య దాన్నెందుకు తొక్కలేదు?"

దుర్గారావు నేల చూపులు చూశాడు. "అందరం అనుకున్నదే కదా," అన్నాడు.

కార్డులు కూడా అలాగే అనుకుందామంది నూకరత్నం. గవర్నరుకి చూపించడానికైనా పనికొస్తుందని ఆ పెద్దలిద్దరూ కూర్చున్నారు. ఎవరివ్వాలి, ఎవరు తీసెయ్యాలి, అన్యాయంగా తీసేస్తే ఎవరి ముందు మొరపెట్టుకోవాలి, అన్నీ తేల్చి, ఉమ్మడిగా ఒక కమిటీ వేసి సంతకాలు పెట్టారు. ఆ కాగితం చూసి గుమస్తా యంత్రానికి కొత్త కమిటీ పేరు నేర్పాడు. కమిటీ నాకు మళ్ళీ ఒట్టు వేసింది. గేటు లేచింది. నేను వెళ్ళి తుండుగుడ్డ పక్కన, దాని తమ్ముడిలా ఒదిగిపోయాను. రాజ్యం కల కరిగింది. చోటు మిగిలింది.

గవర్నరు దగ్గరికి వెళ్ళకుండానే గేటు ఎలా లేచిందని అందరూ మూగారు.

"గుమస్తా గవర్నరనలేదర్రా, గవర్నెన్సన్నాడు," అంది నూకరత్నం. "అంటే మన కట్టుబాటే."

"మరి నా ఇస్త్రీ చొక్కా?" అన్నాడు ఏడుకొండలు.

"వేసేసుకో మావా," అన్నాడు దుర్గారావు. "సంతకం పెట్టింది నువ్వేగా."