కుందేలు కడుపులో దుప్పి వెంట్రుకలు

ఆ చలికాలం కారిబూ జింకల మందలు పోర్క్యుపైన్ నది వైపు రానే లేదు. గ్విచిన్ తెగ గుడారాల్లో పొద్దున్నా కుందేలే, రాత్రీ కుందేలే. కుందేలు మాంసంలో కొవ్వుండదు. ఎంత తిన్నా ఆకలి తీరదు, ఒళ్లు మాత్రం కరిగిపోతుంది. మైరా కూతురు లిడియా పచ్చి బాలింత. గిన్నెడు తిని, ఇంకా పెట్టమని అడిగేది. పాలు ఇంకిపోయాయి. పసిగుడ్డుకు ఏడ్చే ఓపిక కూడా లేదు. పిసరంత కొవ్వు కోసం మైరా ఎక్కని గడప లేదు. తమ్ముడు ఎనక్‌నీ అడిగింది. అతను పొయ్యి కేసి చూస్తూ, తన దగ్గరా కుందేళ్లే ఉన్నాయన్నాడు.

మర్నాడు విల్లో పొదల్లో ఆమె పెట్టిన ఉచ్చుకు ఒక కుందేలు పడింది. మైరా దాన్ని అక్కడే కోసింది. ఆ కాలంలో కుందేలు కడుపులో నమిలిన బెరడు, పుల్లలు తప్ప ఏముంటాయి? దీని కడుపులో మాత్రం బిరుసైన గోధుమరంగు వెంట్రుకలున్నాయి. మూస్ దుప్పివి. బెరడు చాలనప్పుడు కుందేలు చచ్చిన జంతువుల మాంసం కూడా కొరుకుతుందని ఆమెకు తెలుసు. కానీ దుప్పిని కొట్టిందెవరు? కొట్టినవాడు తన అక్కను పిలవాలి, ఆమె తన చేత్తో గుడారం గుడారానికీ వాటా వేయాలి. తాతల నాటి పద్ధతి అది. ఏ అక్కకూ పిలుపు రాలేదు.

ఆమె కుందేళ్ల అడుగుజాడలు పట్టుకుని నడిచింది. అవి ఒక కొమ్మల గుట్ట దగ్గర ఆగాయి. గుట్ట కింద సగం కోసుకున్న దుప్పి, తెల్లగా వీపు కొవ్వు. చుట్టూ, మంచులో దిగబడకుండా తొడుక్కునే అల్లిక చెప్పుల ముద్రలు. ఆ అల్లిక ఆమెదే. ఎనక్‌కు తనే అల్లి ఇచ్చింది.

మైరాకు ఒళ్లు మండిపోయింది. కేక వేసి గుడారాలన్నిటినీ అక్కడికే రప్పించింది. ఎనక్ తల వంచుకుని వచ్చాడు.

"పిల్లల కోసం దాచానక్కా. తర్వాత పంచుదామనుకున్నా."

"ఎప్పుడ్రా? మేం చచ్చాకా? నీకంటే కుందేలు నయం. ఆకలేస్తే తన పెంట తనే తింటుంది. నువ్వు పసిగుడ్డు నోటికాడ పాలు లాక్కున్నావు."

గొడ్డలి అందుకుంది. మొదటి కొవ్వు ముక్క లిడియాకు పంపింది. తర్వాత ప్రతి గుడారానికీ వాటా వేసింది. ఎనక్ భార్యాపిల్లలకు వెంట్రుకంత కూడా తగ్గించలేదు. వాళ్లు చేసిన పాపమేముంది? చివరికి ఎనక్ చేతులు చాచాడు. మైరా పొద్దున కోసిన కుందేలును ఆ చేతుల్లో పడేసింది.

"నీ దగ్గరా కుందేళ్లే ఉన్నాయన్నావుగా. ఇదీ వాటిల్లో కలుపుకో."